నుడిగద్దకు వినిపించిన ఆకు

శరభకూట రాజసభ ఆ మధ్యాహ్నం కళ్ళు చెదిరేలా వెలుగుతోంది. నూటెనిమిది స్తంభాలకూ వజ్రాల తోరణాలు. పైకప్పునుంచి వేలాడే స్ఫటికపు గుత్తుల్లో ఎండ చిక్కుకుని, ఏడు రంగులుగా చీలి, సభాసదుల పట్టు తలపాగాల మీద, గంధం పూసిన రొమ్ముల మీద, వక్కాకు పళ్ళేల మీద చిందుతోంది. సింహాసనంలో వృద్ధ మహారాజు మణిరథుడు ఎప్పటిలాగే కునుకుతున్నాడు. ఈ వైభవమంతా గవికొండ గని పెట్టిన భిక్ష. ఆ గనిలో ముప్పైముగ్గురు మనుషులు ఎనిమిది రోజులుగా, తమను లోపల ఉంచి మూసేసిన గోడను సమ్మెటలతో కొడుతూనే ఉన్నారు. ఆ సంగతి సభలో సగంమందికి తెలుసు. తెలిసే తాంబూలం నములుతున్నారు.

లేఖనశాల వరుసలో చివరన నిలబడిన తరళకు వీణానాదం వినిపించడం లేదు. ఆ నమిలే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నిన్న తెల్లవారేసరికి రాజధానిలో ఎనిమిది చోట్ల గోడలకు అతికి ఉన్న తాటాకులు ఆమె చేతివే. కొండ విరిగిపడలేదనీ, గని నోరు కావాలనే మూయించారనీ నగరానికి తెలిపినవి ఆ ఆకులే.

ప్రధానామాత్యుడు కృకలాసుడు లేచాడు. రాజ్యానికి మంత్రి, రాజుకు మందులిచ్చే వైద్యుడు, గుప్తవిద్యలలో మహామాంత్రికుడు. తొండకున్నట్టే అతని ముఖానికి నిలకడైన రంగు లేదు. ఇప్పుడు జాలి రంగు వేసుకున్నాడు.

"సభవారు వినాలి. ఈ ఆకు పచ్చి అబద్ధం. గవికొండలో చరియ విరిగింది. పాపం, పనివాళ్ళు పోయారు. ఆ దుఃఖాన్ని అడ్డుపెట్టుకుని ఎవరో ద్రోహి ఈ విషం పుట్టించాడు. వాడెవడో ఈ పూటే తేలుస్తాను."

తరళ పక్కన ఉన్న వృద్ధ లేఖకుడు అయ్యలాచార్యులు పెదవి కదపకుండా అన్నాడు: "అబద్ధానికి ఇంత వెతుకులాట ఎందుకమ్మా తరళా? పోయినేడు నేను లంచం తిన్నానని గోడమీద వ్రాస్తే ఒక్కడు వచ్చి అడగలేదే."

"ఊరుకోండి ఆచార్యులవారూ."

"ఊరుకునే కదమ్మా డెబ్భై ఏళ్ళు బతికింది."

"పంజరం తెండి!" అని కృకలాసుడు కేక వేశాడు.

ఎనిమిదిమంది బోయీలు ఇనుప పంజరం మోసుకొచ్చి సభామధ్యంలో దించారు. లోపల బూడిదరంగు గద్ద. రెక్కలు విప్పితే సింహద్వారమంత వెడల్పు. దానికి కళ్ళు లేవు. కళ్ళుండవలసిన చోట నునుపైన తోలు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు, మనిషి చెవుల్లాంటి చెవులు రెండు రాగి పోగులతో తలకు ఇరుపక్కలా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎవరు గుసగుసలాడితే వారివైపు ఆ చెవులు తిరుగుతున్నాయి. తిరిగిన వైపల్లా సభ నోరు మూసుకుంటోంది.

"దీని పేరు నుడిగద్ద," అన్నాడు కృకలాసుడు దాని మెడ నిమురుతూ. "పన్నెండేళ్ళు శ్మశానంలో కూర్చుని సాధించాను. గంటం మార్చి వ్రాయవచ్చు, ఎడమచేత్తో వ్రాయవచ్చు, పేరు దాచవచ్చు. మాటల నడకను మాత్రం ఎవడూ దాచలేడు. ఒక్కసారి వినిపిస్తే చాలు, ఆ మాటలు ఎవరి నోట పుట్టాయో వారి భుజం మీదే వాలుతుంది. ‘ఈ మాటలు నావే’ అని ఒప్పుకునేదాకా గోళ్ళు సడలించదు. ఒప్పుకోకపోతే ఎముకదాకా దించుతుంది. అనుమానమున్నవారికి ఇప్పుడే రుజువు చూపిస్తాను. కవిసింహా! నిన్న మహారాజుపై మీరు చెప్పిన పద్యం మరొక్కసారి వినిపించండి."

ఆస్థానకవి చిత్రఘనుడు ఉత్తరీయం సవరించుకుని, గొంతు సవరించుకుని, మీసం కూడా సవరించుకుని పద్యం చదివాడు. పంజరం తెరుచుకుంది. గద్ద ఒక్కసారి చెవులు మడిచి విప్పి, కవిగారి తలపాగాను రెక్కతో పక్కకు తోసి, సభ చివరికి పోయి, తాంబూలపు పెట్టె మోసే నరసింగడి భుజం మీద వాలింది.

"అయ్యో, అయ్యో! నావే! నావే స్వామీ!" అని నరసింగడు మోకాళ్ళ మీద పడ్డాడు. "నెలకు నాలుగు పద్యాలిస్తే పాత పంచెలిస్తానన్నారు కవిగారు. పంచెలు కూడా ఇవ్వలేదు!"

సభ విరగబడి నవ్వింది. గద్ద గోళ్ళు విప్పి పంజరం మీదికి వచ్చి కూర్చుంది. కృకలాసుడు నవ్వలేదు. దండనాయకుడు మల్లరసు వైపు తిరిగాడు. పన్నెండు యుద్ధాలు చేసిన మల్లరసుకు చట్టం మాట తప్ప వేరే మాట తెలియదు. అతడు ముందుకు వచ్చి, కత్తి పిడితో డాలును కొట్టి, మూడుమార్లు చాటాడు:

"నుడిగద్ద పట్టినవారే కర్త! సాక్ష్యం అక్కరలేదు, వాదం అక్కరలేదు! ఇది శరభకూట ధర్మాసనపు మాట!"

మూడోసారి చాటింపు ముగియగానే కృకలాసుడి వేలు లేఖనశాల వరుస వైపు లేచింది.

"ఆకు ఎవరు చదువుతారు? దీనికి గొంతు బాగా వినిపించాలి. తరళా, నువ్వే రా. కోటగోడ దాటి వినిపించే కంఠం నీ ఒక్కదానిదే."

తరళ నడిచి వెళ్ళింది. తన నేరాన్ని తానే పెద్దగా చదవబోతున్నది, తన మెడ మీదికి గద్దను తానే పిలవబోతున్నది. అయినా ఆమె గుండెలో భయానికి చోటు లేదు. అక్కడ ఎనిమిది రోజులుగా కోపమే కాపురముంది.

గని మూసే ఆజ్ఞను వ్రాసిన నలుగురిలో ఆమె ఒకతె. తెరవెనుకనుంచి ఎవరో చెబుతుంటే, ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి నాలుగు ప్రతులు వ్రాయించారు. గొంతు మార్చినా అది కృకలాసుడిదేనని ఆమె పోల్చుకుంది. తెరవెనుక ఆజ్ఞ నలుగురికి నాలుగు తీరులుగా ఉంటుందని లేఖనశాలలో గంటం పట్టిన ఎవరికైనా తెలుసు. ఒక ప్రతిలో ఒక మాట మారుస్తారు. గుట్టు బయటపడితే, బయటపడిన మాటను బట్టి ఏ ప్రతి నుంచి పోయిందో, ఎవరి చేతినుంచి పోయిందో పట్టేస్తారు. ఆమెకు చెప్పిన ప్రతిలో గని నోటిని ‘ఎర్రరాతితో’ మూయమని ఉంది. మిగిలిన ముగ్గురికి ఏ రంగు చెప్పారో ఆమెకు తెలియదు. అందుకే ఆజ్ఞలోని ఒక్క మాటను కూడా ఆకులోకి రానివ్వలేదు. విషయమంతా వేరే మాటల్లో చెప్పింది. ఇప్పుడు ఆ మాటలే పట్టిస్తాయంటే పట్టించనీ.

ఆకు అందుకుని, ఊపిరి నిండా పీల్చి, చదివింది:

"అయ్యల్లారా, కొండ ఇరగలా. కొండ ఇరిగితే దుమ్ము లేచ్చాది, నేల అదురుతాది. ఆ పొద్దు మా కుండల్లో నీళ్ళు కూడా కదల్లా. మరి గని నోరెట్లా మూసుకున్యాది? మనుసులు మూసినారు. సున్నం కలిపి, రాయి పేర్చి, లోపల మా పిల్లోళ్ళు అరుస్తా ఉంటే మూసినారు. మూయమని పెద్ద మంత్రి చెప్పినాడు. నేలకు చెవి పెట్టండి, ఇనపడతాది. మూడు దెబ్బలు కొడతారు, ఒక ఆగు ఆగుతారు. రాయి కొట్టేటోడు దుమ్ము ఊదేదానికి ఆగే ఆగు అది. సచ్చినోళ్ళు గోడ కొట్టరయ్యా."

సభలో తాంబూలం నమిలే చప్పుడు ఆగిపోయింది. మహారాజు ఒక్క క్షణం కళ్ళు తెరిచి, మళ్ళీ మూశాడు.

నుడిగద్ద లేచింది. తరళ తల చుట్టూ ఒకసారి తిరిగింది. రెక్కల గాలికి ఆమె జడ విడిపోయింది. భుజం బిగించుకుని నిలబడింది. గద్ద మరొక్కసారి తిరిగి, ఆమెను వదిలి, తూర్పు గవాక్షంలోనుంచి బయటికి దూసుకుపోయింది.

‘బతికాను’ అనుకుంది తరళ. మరుక్షణమే గద్ద పోయిన దిక్కు చూసింది. తూర్పున కేతకీ నది. నది దాటితే రాళ్ళపేట. రాళ్ళపేటలో తిప్పక్క.

లేఖనశాలకు రాకముందు తరళ పన్నెండేళ్ళు పూలసంతలో చాపవేసుకుని పేదలకు అర్జీలు వ్రాసింది. తక్కిన అర్జీకారులు జనం చెప్పినదాన్ని దర్బారు మాటల్లోకి మార్చి వ్రాసేవారు. తరళ మార్చేది కాదు. ఎవరు ఎలా చెబితే అలాగే, వారి గొంతు వారిదిగానే ఉంచి వ్రాసేది. అదే ఆమె గర్వం. గని మూసిన మూడోనాడు రాళ్ళపేట తిప్పక్క లేఖనశాల గుమ్మం ముందు కూర్చుని, లోపల చిక్కిన తన కొడుకు గురవడి కోసం అర్జీ చెప్పింది. తరళ వ్రాసి ఇచ్చింది. అధికారులు ఆ అర్జీని విప్పకుండానే విసిరికొట్టారు. ఆ మాటలు తరళ చెవుల్లోనుంచి పోలేదు. గోడలకు ఆకులు వ్రాసే వేళ తన మాటలు దాచుకోవాలనుకుని ఆ మాటలే వాడుకుంది. అరువు తెచ్చుకున్న గొంతుకు కూడా ఒక మెడ ఉంటుందనీ, ఆ మెడకు ఉరి పడుతుందనీ ఆలోచించలేదు. గొప్ప లేఖకురాలు! గొప్ప న్యాయం!

"గుర్రాలు!" అని గర్జించాడు కృకలాసుడు. "తరళా, నువ్వు కూడా ఎక్కు. ఆకు జాగ్రత్త. గడియ దాటితే ఆ గద్ద విన్నది మరచిపోతుంది. మరచిన చోట కూర్చుండిపోతుంది. అక్కడ మళ్ళీ చదవాలి."

ముప్పై గుర్రాలు కోట దిగి రాజవీధిలో పడ్డాయి. ముందు మల్లరసు, వెనుక కృకలాసుడు, నడుమ తరళ. ఎనిమిదవ నాటి సూర్యుడు అప్పటికే పడమటికి వాలుతున్నాడు. సూర్యాస్తమయం వేళకు లోపలి ముప్పైమూడు ఊపిరులూ ఆరిపోవాలి. అప్పుడే కృకలాసుడి చేతికి ప్రాణమణి వస్తుంది. ఆ మణి ఉన్నవాడికి చావు లేదట. ఈ మాట కూడా ఆ తెరవెనుక ఆజ్ఞలోనే ఉంది.

పూలసంత మధ్యలో గంటస్తంభం మీద గద్ద కూర్చుండిపోయింది. మల్లెలు, మరువం, కనకాంబరాల రాశుల నడుమ వందలాది జనం నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు.

"చదువు," అన్నాడు కృకలాసుడు పళ్ళ సందునుంచి. "మెల్లిగా."

"మెల్లిగా చదివితే దానికి వినిపించదు స్వామీ. స్తంభం అరవై అడుగులు."

అతని ముఖం ఆకుపచ్చగా మారింది. వేరే దారి లేదు. తరళ గుర్రం రికాబులో నిలబడి, తల ఎత్తి, కోటగోడ దాటే గొంతుతో చదివింది. "కొండ ఇరగలా!" నిన్న ఆకులు అంటించిన ఎనిమిది గోడల దగ్గర చదువు వచ్చినవారు వందమంది ఉంటారేమో. తెల్లవారిన గడియకల్లా భటులు ఆ ఆకులను పీకి కాల్చేశారు. ఇప్పుడు అదే ఆకు, రాజభటులే కాపలా కాస్తుంటే, రాజాజ్ఞ మీదనే, రాజధాని అంతటికీ వినిపిస్తోంది.

"ఏందీ, బతికే ఉండారా?" అని ఒక పూలమ్మి అరిచింది.

"నోరు ముయ్యండి! అది అబద్ధం!" అన్నాడు ఒక భటుడు.

"అబద్ధమైతే మరి ఎందుకు చదివిస్తండారు నాయనా? అంత దూరంనుంచి గుర్రాలేసుకొచ్చి?"

గద్ద లేచింది. గుర్రాలు లేచాయి.

తూర్పు కోటవాకిట్లో మళ్ళీ కూర్చుంది. మళ్ళీ చదివింది. నేతగాళ్ళ వీధి మొగలో మళ్ళీ. ప్రతిచోటా మగ్గాలు ఆగాయి, బండ్లు ఆగాయి. ప్రతిచోటా కృకలాసుడి ముఖం కొత్త రంగుకు మారింది. గుర్రాల వెనుక జనం పరుగెత్తుకు రావడం మొదలయింది. ముందు పదిమంది, తరువాత వందమంది, తరువాత ఎంతమందో తరళ వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె చూపు ముందున్న గద్ద మీదనే ఉంది. రెక్క వేసిన ప్రతిసారీ అది ఆ ముసలమ్మకు దగ్గరవుతోంది. ఆమె గొంతే దాన్ని అక్కడికి తోలుతోంది.

కేతకీ నది వరదతో ఎర్రగా పొంగుతోంది. ఒడ్డునుంచి ఒడ్డుకు ఎనభై పడవలు గొలుసుకట్టుగా కట్టిన వంతెన ఉంది. రేవులో చింతమాను మీద గద్ద కూర్చుంటే తరళ మళ్ళీ చదివింది. పడవలవాళ్ళు తెడ్లు ఆనుకుని విన్నారు. వారిలో ఇద్దరి తమ్ముళ్ళు గవికొండలో కూలికి పోయినవారే.

గుర్రాలు వంతెన నడిమికి చేరేసరికి, వెనుక రేవులోని పడవలవాళ్ళ గొడ్డలి దెబ్బ వినిపించింది. మోకు తెగింది. పడవల వరుస కొరడాలా విసురుకుంది. గుర్రాలు సకిలిస్తుంటే, కవచాలు మోగుతుంటే, కేకలు వేస్తూ భటులు నీళ్ళలో పడ్డారు. కృకలాసుడు ఉత్తరీయం విసిరి మంత్రం చెప్పాడు. అది నీటిమీద చాపలా పరుచుకుంది. దానిమీద కూర్చుని ఒక్కడే తేలిపోయాడు. మునిగేవారి వైపు తల కూడా తిప్పలేదు.

తరళ సుడిలో పడింది. నీళ్ళు ముక్కులోకి, చెవుల్లోకి ఎక్కాయి. పక్కనే దూలం లాంటిది కదిలింది. దూలం కాదు, మొసలి. నోరు తెరిచింది. ఆ నోట్లోకి ఒక ఈటె దిగి అంగుట్లో విరిగింది. ఒక చెయ్యి తరళ జుట్టు పట్టి పైకి లాగింది. మల్లరసు!

ఇసుకలో పడి ఇద్దరూ రొప్పారు. బతికి ఒడ్డు చేరిన భటులు పదిమంది. గుర్రాలు కొన్ని తామే ఈది వచ్చాయి, వాటిలో ఒకదాన్ని కృకలాసుడు అప్పుడే ఎక్కేశాడు. మల్లరసు తలపాగా పిండుకుంటూ మెల్లిగా అడిగాడు:

"అందులో ఉన్నది నిజమేనా తల్లీ?"

"అయిదుసార్లు విన్నారు గదా దండనాయకా! నేలకు చెవి పెట్టమని అయిదుసార్లు చెప్పాను. ఒక్కసారైనా వంగారా?"

అతడు తడి తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. తరళ చేతులు ఖాళీగా ఉన్నాయి. తాటాకు నదిలో పోయింది.

"పోతే పోయింది!" అని కృకలాసుడు పై గట్టునుంచి అరిచాడు. "అయిదుసార్లు చదివినదానివి, నోటికి రాదా? నడు!"

రాళ్ళపేట నిండా తెల్లని రాతిపొడి. ఇళ్ళ ముందు సగం చెక్కిన తిరగళ్ళు, రోళ్ళు, శిలావిగ్రహాలు. మగవారు లేని వీధి అది. ఆడవారే ఉలి పట్టుకుని కూర్చున్నారు. మూడు దెబ్బలు, ఒక ఆగు, ఒక ఊదు. పేట అంతా ఒకే లయ. నుడిగద్ద ఒక పూరింటి కొప్పు మీద కూర్చుని చెవులు అటూ ఇటూ తిప్పుతోంది. చేరవలసిన చోటికి వచ్చి, ఎవరికోసం వచ్చిందో మరచిపోయింది. ఆ ఇంటి అరుగుమీదనే, తిరగలి ముందు, తిప్పక్క కూర్చుని ఉంది. జుట్టంతా రాతిపొడి. అది పొడో, నెరిసిన వెంట్రుకలో తెలియడం లేదు.

తరళను చూసి ఆమె ఉలి పక్కన పెట్టింది.

"రాతగత్తె తల్లివి గదా నువ్వు? ఏటికి అవతలనుంచి నా మాటలు ఇనపడినాయి. నా అర్జీ మాటలే. ఎవురు సదువుతుండారబ్బా అనుకున్యా."

తరళ దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా, "తప్పయిపోయింది తిప్పక్కా," అంది. "నిన్ను అడక్కుండా నీ మాటలు వాడుకున్నాను. ఇప్పుడు ఆ గద్ద నీకోసం వచ్చింది."

"అడగాల్సింది," అంది తిప్పక్క కటువుగా. "అడిగుంటే ఇంగా గట్టిగా చెప్పుందును."

కృకలాసుడు గుర్రం మీదనుంచే చేయి చాచాడు. "చాలు ఆడవాళ్ళ ముచ్చట్లు. చెప్పు తరళా! ఈసారి గద్ద వాలుతుంది. వాలిన మరుక్షణం మల్లరసు కత్తి దిగుతుంది. పొద్దు వాలుతోంది, త్వరగా కానీ!"

తరళ నిటారుగా నిలబడింది. చెప్పకపోతే ఆమెను చంపి మరొకరిచేత చెప్పిస్తారు. చెబితే తిప్పక్క చస్తుంది. కోపం ఆమె తలలోని పొగనంతా ఊదేసింది. గద్దకు ఎవరి మాటలు వినిపిస్తే వారినే పడుతుంది. సంతకం అక్కరలేదు, పేరు అక్కరలేదు. మూడుమార్లు చాటారు గదా! అయితే దానికి మొదటి మాటలే వినిపిస్తే? ఈ పాపానికి మూలమైన మాటలు? తెరవెనుకనుంచి వచ్చిన ఆజ్ఞ అక్షరం పొల్లుపోకుండా ఆమెకు కంఠస్థం. ఎనిమిది రోజులుగా నిద్రలో కూడా అదే వినిపిస్తోంది. అది నోరు దాటిందంటే, ఆ ప్రతి ఎవరు వ్రాశారో, ఆకు ఎవరు పుట్టించారో కూడా తేలిపోతుంది. తేలనీ!

నది అవతలి ఒడ్డున జనం గుమికూడి ఉన్నారు. వారికి కూడా వినిపించాలి. తరళ గొంతు విప్పింది.

"ఎట్టి శబ్దము వినవచ్చినను, ఎవ్వరి పేరు పిలువబడినను, గవికొండ గని ముఖము ఎర్రరాతితో మూయబడవలెను."

కృకలాసుడి చేతిలోని కళ్ళెం జారింది. "ఏయ్! ఏమిటది? ఆపు!"

"లోపలివారిని మనుష్యులని తలంపరాదు! క్షేత్రదేవతకు సమర్పింపబడిన ముప్పదిమూడు దీపములని తలంపవలెను! దీపములు తమంతట తాము ఆరిపోవువరకు, ఎనిమిది దినములు, కావలి కాయబడవలెను!"

చేయించేవాడి పేరు ఎక్కడా లేని మాటలు. చేతికి మట్టి అంటకుండా మనిషిని పూడ్చే మాటలు. ఒక్కొక్కదాన్ని ఆమె రాయి విసిరినట్టు విసిరింది.

"మల్లరసూ! ఆ తరళను నరుకు!"

మల్లరసు కత్తి సగం దూసి ఆగిపోయాడు. అతని చూపు గద్ద మీద ఉంది. గద్ద చెవులు మడిచింది. విప్పింది.

"ఎనిమిదవనాటి సూర్యాస్తమయమున ప్రాణమణి మా హస్తగతమగును!"

నుడిగద్ద పూరికొప్పు మీదనుంచి లేచింది. తిప్పక్క తల మీదుగా, తరళ తల మీదుగా, భటుల ఈటెల మీదుగా సాగి, తన్ను పెంచిన చేతిని దాటి, తన్ను సాధించిన యజమాని కుడిభుజం మీద వాలింది. ఎనిమిది గోళ్ళూ ఒకేసారి దిగాయి.

కృకలాసుడు మంత్రం మొదలుపెట్టాడు. నొప్పికి మాట తెగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తెగింది. ముఖం మీద రంగులన్నీ ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తాయి. చివరకు ఏ రంగూ లేకుండా పోయింది. గోళ్ళు ఎముకను తాకాయి.

"నావే!" అని అతడు గావుకేక పెట్టాడు. "నావే! ఆ మాటలు నావే! వదులు!"

ఆ కేక నది దాటి అవతలి ఒడ్డుకు వినిపించింది. గద్ద గోళ్ళు సడలించింది. మరుక్షణం కృకలాసుడు ఉన్నచోట నల్లని పొగ మాత్రమే ఉంది. ఆ పొగ సన్నని తాడులా మెలికలు తిరిగి కొండలవైపు జారిపోయింది. ఖాళీ జీను మీద అతని ఉత్తరీయం వేలాడుతోంది. పొగలోనుంచి ఒక గొంతు వెనక్కి వినిపించింది: "ఎర్రరాయి! ఎర్రరాయి ఆమె ప్రతి! ద్రోహి ఆమే మల్లరసూ!"

మల్లరసు తరళ ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని కత్తి ఇంకా సగం ఒరలోనే ఉంది.

"రాజరహస్యం బయటపెట్టినది నువ్వేనా?"

గద్ద ఆమె భుజం మీద లేదు. అబద్ధం చెప్పినా పట్టేవారు లేరు.

"నేనే," అంది తరళ. "ఆకు వ్రాసింది నేను. అంటించింది నేను. మాటలు మాత్రం తిప్పక్కవి. ఆమె నన్ను వ్రాయమనలేదు. చట్టం ఎవరిని పట్టాలో ఇంకా తెలియలేదా మీకు?"

మల్లరసు జీను తాడు విప్పి ఆమె మణికట్టుకు కట్టాడు. రెండో కొస తన గుర్రానికి కట్టాడు. భటులు తలలు దించుకున్నారు. అప్పుడు అతడు గుర్రాన్ని కోటవైపు కాకుండా కొండవైపు తిప్పాడు.

"ఖైదీ చెప్పిన మాట నిజమో కాదో నేరస్థలంలోనే విచారిస్తాను," అన్నాడు గట్టిగా. "మీకు దారిలో ఎవరైనా గునపాలు పట్టుకుని వస్తూ కనబడితే, నాకు కనబడలేదు."

తిప్పక్క అప్పటికే సమ్మెట భుజాన వేసుకుంది. ఆమె వెనుక పేటలోని ఆడవారంతా లేచారు. గునపాలు, ఉలులు, మోకులు. ఎవరూ ఏడవలేదు. ఏడ్చే పని ఎనిమిది రోజుల కిందనే అయిపోయింది. ఉట్టి కాళ్ళతో, రాతిపొడి రేపుకుంటూ, గుర్రాలతో సమానంగా పరుగెత్తారు.

గవికొండ చేరేసరికి సూర్యుడు కొండ అంచున జానెడు ఎత్తులో ఉన్నాడు. కావలివారు మల్లరసు జెండా చూసి పక్కకు తొలిగారు. గని నోటికి నిలువెత్తు గోడ కట్టి ఉంది. అది ఎర్రరాయి కాదు, నల్లరాయి. ఎర్రరాయి తనను పట్టడానికి పన్నిన వల మాత్రమేనని చూసి తరళ పళ్ళు కొరికింది.

తిప్పక్క గోడకు చెవి ఆనించి చేయెత్తింది. ఏమీ వినిపించలేదు. ఆమె సమ్మెట ఎత్తి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. మళ్ళీ చెవి ఆనించింది.

లోపలినుంచి, చాలా లోతునుంచి, మూడు దెబ్బలు వినిపించాయి. ఒక ఆగు.

"గురవడే!" అని తిప్పక్క అరిచింది. "వాడి ఆగు నాకు తెలుసు! కొట్టండే!"

ముప్పై సమ్మెటలు ఒకేసారి లేచాయి. మల్లరసు గుర్రం దిగి, ఎవరికీ చెప్పకుండా ఒక గునపం అందుకున్నాడు. తరళ కూడా కట్టిన తాడుతోనే ఉలి అందుకోబోయి, ఎందుకో తల ఎత్తింది. కొండ నెత్తిన, గనికి గాలిపోయే సన్నని బిలం దగ్గర, అదే నల్లని పొగ కనిపించింది.

అది బయటికి రావడం లేదు. ఆ ముప్పైమూడు ఊపిరులున్న చోటికి, మెలికలు తిరుగుతూ లోపలికి దిగుతోంది.